కోతలయ్యాక చూద్దాం

పదో తరగతి గదిలో మళ్ళీ దగ్గు వినిపించేసరికి మాధవీలత టీచరు బోర్డు మీద ఊపిరితిత్తుల బొమ్మ గీస్తున్నదల్లా ఆగి వెనక్కి తిరిగింది.

"ఎవరది?"

ముప్పై పైచిలుకు మొహాలు, అన్నింటికీ మాస్కులు. కళ్ళు తప్ప ఏమీ కనపడవు. మాస్కులొచ్చాక పిల్లల్ని కనిపెట్టడం గగనమైపోయిందని ఆమె బెంగ. అబద్ధం ముందు మూతి దగ్గరే బయటపడుతుందని ఇరవై ఏళ్ళ సర్వీసులో నేర్చుకున్న విద్య కాస్తా గుడ్డముక్క వెనక్కి పోయింది. ఇప్పుడు అందరి మీదా అనుమానమే.

కిటికీ పక్క బెంచీలో హారిక భుజాలు కదిలాయి. ఆపుకోవాలని చూసి ఆపుకోలేక మళ్ళీ దగ్గింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"హారికా, లే. మాస్కు ముక్కు కిందికి ఎందుకు దించావు?"

ఆ పిల్ల లేచి మాస్కు పైకి లాక్కుంది. లాక్కోగానే దగ్గు ఇంకా ఎక్కువైంది.

"జ్వరం ఉందా?"

"లేదండి."

"ఇంట్లో ఎవరికన్నా?"

"లేదండి."

"మరి ఈ దగ్గేంటి?"

"మాస్కండి," అంది హారిక.

వెనక బెంచీల్లో కిసుక్కున నవ్వారు. తనని ఆట పట్టిస్తున్నారని మాధవీలతకు అర్థమైంది. మాస్కు పెట్టుకోమంటే దగ్గొస్తోందని సాకు చెప్పే పిల్లల్ని ఆమె ఈ ఏడాదంతా చూస్తూనే ఉంది. ఊపిరాడదంటారు, చెవులు లాగుతున్నాయంటారు, పోయిందంటారు, మేక తినేసిందన్నవాడు కూడా ఉన్నాడు.

"పుస్తకాలు తీసుకుని వరండాలో కూర్చో. పరీక్ష చేయించుకుని, ఏమీ లేదని రిపోర్టు తెచ్చాకే గదిలోకి."

హారిక సంచీ సర్దుకుంది. గుమ్మం దగ్గర ఒకసారి ఆగి ఏదో చెప్పబోయింది గానీ, టీచరు అప్పటికే బోర్డు వైపు తిరిగింది. మాధవీలత కఠినాత్మురాలేమీ కాదు. నిరుడు వేసవిలో స్టాఫ్ రూములో ఆమె పక్క కుర్చీలో కూర్చునే లెక్కల మాస్టారు ఆసుపత్రికని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆ కుర్చీలో ఇప్పటికీ ఎవరూ కూర్చోరు. దగ్గు వినపడితే ఆమెకు ముందు ఆ కుర్చీ గుర్తొస్తుంది.

ప్రత్తిపాడు దాటి లోపలికి వెళ్తే వచ్చే ఊరు అది. జనవరి ఆఖరు వారం. ఈ ఏడు నల్ల తామర పురుగు మిరపతోటల్ని ఊడ్చి పెట్టేసింది. డబ్బాల కొద్దీ మందులు కొట్టినా పురుగు చావలేదు, పూత నిలవలేదు. అందుకే మిగిలిన కాస్త కాయనైనా దక్కించుకోవాలని ఊరు ఊరంతా తోటల్లోనే ఉంది. పిల్లల టీకాలు సరిగ్గా అప్పుడే వచ్చిపడ్డాయి.

మధ్యాహ్నం హెడ్మాస్టరు నాగేంద్రబాబు ఆమెను పిలిపించాడు. మాస్కు గడ్డం కింద వేలాడుతోంది.

"సోమవారం గ్రామ సచివాలయం నర్సు వస్తుంది మేడమ్. పదిహేనేళ్ళు నిండిన వాళ్ళందరికీ వేసెయ్యాలి. ఒక్కళ్ళు తగ్గినా పైనుంచి ఫోన్లొస్తాయి. సైన్సు వాళ్ళు మీరే కాబట్టి తల్లిదండ్రుల్ని ఒప్పించే పని మీది."

"ముందు మీరు మాస్కు పైకి పెట్టుకోండి సార్. మీరు గడ్డానికి పెట్టుకుంటే పిల్లలు ముక్కుకెందుకు పెట్టుకుంటారు?"

"ఎందుకొచ్చిన గొడవ మేడమ్. తరగతిలో మూతులు కట్టుకుంటారు, గంట కొట్టగానే ఒకే పంక్తిలో కూర్చుని అన్నం తింటారు. భోజనాలవుతున్నాయని కరోనా బయట నిలబడుతుందా? మాస్కులూ వద్దు, సూదులూ వద్దు, బడి మూస్తే మూశారు అనే వాళ్ళున్నారు ఊళ్ళో. వాళ్ళకీ పైవాళ్ళకీ మధ్య నలిగిపోతున్నాను."

ఈయన మాట్లాడే తీరు చూస్తే ఎవరి వైపో తెలియదని మాధవీలత మనసులో అనుకుంది.

బయటికొచ్చేసరికి ఫోను మోగింది. ఆ బడిలో సిగ్నలు వరండాలో తప్ప దొరకదు. భర్త కోటేశ్వరరావు. కూతురు శ్రీరమ్య మంగళగిరి పక్కన రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ మొదటి ఏడాది. టీకా సంగతి ఏం చేశారని కాలేజీవాళ్ళు మళ్ళీ అడుగుతున్నారట. ఇంతకుముందు చెప్పిందే మళ్ళీ విసుగ్గా చెప్పి ఫోను పెట్టేసింది. తరవాత తొమ్మిదో తరగతికి వెళ్ళిపోయింది.

*

మర్నాడు బడి వదిలాక నర్సు జెస్సీని వెంటబెట్టుకుని మాధవీలత ఊళ్ళోకి బయల్దేరింది. జెస్సీది అద్దంకి దగ్గర ఊరు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు కూడా కాలేదు, అప్పుడే గొంతు బొంగురుపోయింది. ఈ రెండేళ్ళలో ఆమె చెప్పిన మాట వినకుండా తలుపేసుకున్న ఇళ్ళు లెక్కలేనన్ని.

మొదటి ఇంట్లో ఇద్దరికీ కుర్చీలు వేశారు, మంచినీళ్ళిచ్చారు. టీచరు చెప్పిందంతా ఆ ఇంటాయన తలూపుతూ విన్నాడు. ఆఖర్న, "కోతలయ్యాక చూద్దాంలేండి," అన్నాడు.

రెండో ఇంట్లో టీ ఇచ్చారు. "కోతలయ్యాక చూద్దాంలేండి."

మూడో ఇంటి ముసలావిడ టీచరు చెయ్యి పట్టుకుని, మా మనవడికి మీరంటే ఎంత భయమో అని మురిసిపోయింది. "తప్పకుండా వేయిద్దామండీ. కోతలు కానివ్వండి, చూద్దాం."

ఎవరూ దెబ్బలాడలేదు. సూది పడితే ఆడపిల్లలకి కానుపులు కావనిగానీ, గుండె ఆగిపోతుందనిగానీ ఒక్కళ్ళూ అనలేదు. అవన్నీ అంటారనే ఆమె జవాబులు సిద్ధం చేసుకుని వచ్చింది. ఒక్కటీ పనికిరాలేదు. ఇంటింటా అదే మాట, అదే మర్యాద, అదే నవ్వు. ఎవరో కూర్చోబెట్టి నేర్పినట్టుంది.

"ఎవరో వెనకాల ఉన్నారు జెస్సీ," అంది వీధిలోకి వచ్చాక.

"ఉండొచ్చు మేడమ్. కానీ ఒకటి చూశారా? ఎప్పుడూ సూది గురించి నన్ను నిలబెట్టి అడుగుతారు. ఇవాళ నా వంక ఎవరూ చూడలేదు. మీ వంకే చూస్తున్నారు."

మాధవీలత ఆ మాట పట్టించుకోలేదు. ఆమె బుర్ర అప్పటికే పానకాలు దగ్గరికి పోయింది. ఊళ్ళో జ్వరాలకీ ఒళ్ళు నొప్పులకీ గ్లూకోజులెక్కించే ఆర్‌ఎంపీ డాక్టరు పానకాలు. జనం ఆసుపత్రికి పోతే అతని బేరం దెబ్బతింటుంది. పుల్ల పెట్టేవాడంటూ ఉంటే అతనే అయి ఉండాలి.

పానకాలు రేకుల షెడ్డులో ఒక రైతుకి కట్టు కడుతున్నాడు. టీచరు అడిగింది విని అతనికి కోపం రాలేదు, నవ్వొచ్చింది.

"నేను మూడు నెలల కిందటే రెండు సూదులూ వేయించుకున్నానండి. మా పిల్లాడికి మొన్న వేయించా. వేయించుకోండిరా అని నేనూ చెబుతున్నా. నా మాట వినట్లేదు."

"మరి ఎవరు చెప్పారు వాళ్ళకి?"

పానకాలు కట్టు ముడి వేసి, కత్తెరతో కొస కత్తిరించి, చేతులు తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం అవసరమైనదానికంటే ఎక్కువసేపు పట్టింది.

"నన్ను పెట్టకండి మేడమ్ గారూ ఇందులో. మీ బడిలోంచే వచ్చింది మాట."

కట్టు కట్టించుకున్న రైతు తల వంచుకుని తన కాలు వంకే చూస్తూ కూర్చున్నాడు.

బడిలోంచా? స్కూటీ మీద గుంటూరు వెళ్తున్నంతసేపూ మాధవీలత ఒక్కొక్కళ్ళనే తలుచుకుంది. హెడ్మాస్టరు. ఆయనే అయి ఉంటాడు. ఎందుకొచ్చిన గొడవ అనే మనిషి. మాస్కు గడ్డం మీద పెట్టుకునే మనిషి. పై వాళ్ళకి భయపడి పని ఆమె నెత్తిన పెట్టి, కింద వాళ్ళకి భయపడి నోటితో చెడగొడుతున్నాడు. ఊరి పెద్దలతో సాయంత్రాలు టీకొట్టు దగ్గర కూర్చునేదీ ఆయనే. ఇలా ఒకటికొకటి అతుకుతూ పోతే ఆమెకు సందేహమే మిగల్లేదు. ఇంటికి చేరేసరికి ఆయన్ని ఏమని నిలదియ్యాలో మాటలు కూడా కూర్చుకుంది.

శనివారం పొద్దున్నే నిలదీసింది. నాగేంద్రబాబు బిక్కమొహం వేసి, తన కూతురికి మొదటి రోజే టీకా వేయించినట్టు ఫోనులో వచ్చిన సర్టిఫికెట్టు తీసి చూపించాడు.

"నేను మాస్కు సరిగా పెట్టుకోను మేడమ్, నిజమే. కళ్ళద్దాలకి ఆవిరి పడుతుంది. అంతమాత్రాన ఇంత మాటంటారా?"

ఆ రోజు తరగతిలో చాలా బెంచీలు ఖాళీగా ఉన్నాయి. హారిక వరండాలో కూడా లేదు. ఎక్కడికి పోయిందని అడిగితే ముందు బెంచీ పిల్ల చెప్పింది.

"నిన్నట్నించీ కోతకి పోతందండి. వరండాలో కూర్చునే బదులు కాయన్నా కోసుకోవచ్చని వాళ్ళమ్మ తీసుకుపోయింది. వాళ్ళమ్మే ముఠా మేస్త్రి కదండి. మా అమ్మ కూడా ఆ ముఠాలోనే."

మాధవీలత చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. పేరమ్మ. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళని కోతకి తీసుకెళ్ళే మనిషి. కూతుర్ని బయట కూర్చోబెట్టానని కక్ష కట్టి ఉంటుంది. దారం కొస దొరికిందనిపించింది.

*

కాలవ గట్టు మీద స్కూటీ ఆపి మిరపతోటలోకి నడిచింది. చెట్లు మోకాళ్ళ ఎత్తున ముడుచుకుపోయి ఉన్నాయి. ఆకులు పడవల్లా పైకి మెలితిరిగాయి. ఆ ఆకుల మధ్య వెతుక్కుని వెతుక్కుని ఆడవాళ్ళు పండుకాయలు కోస్తున్నారు. తలకూ మూతికీ కలిపి తువ్వాళ్ళు చుట్టుకున్నారు. మగవాళ్ళ పాత చొక్కాలు తొడుక్కుని, చీర కొంగులు ఒడిలా కట్టుకున్నారు. ఒడి నిండగానే గట్టుకొచ్చి పట్టా మీద గుమ్మరించి పోతున్నారు. కరోనా వచ్చిందని ప్రపంచమంతా ఇప్పుడు మూతులు కట్టుకుంది గానీ, వీళ్ళు ఏటా ఈ నెలల్లో కట్టుకునే ఉంటారు.

పట్టా దగ్గర కూర్చుని పేరమ్మ తాలుకాయలు ఏరి పక్కకు వేస్తోంది. టీచర్ని చూసి లేచింది. తువ్వాలు మూతి మీంచి కిందికి లాగింది.

"రండి మేడమ్ గారూ. ఎండన పడి వచ్చారు."

"హారికని పరీక్ష చేయించుకుని రమ్మన్నాను. బడి మాన్పించి పనిలో పెట్టావా?"

"ఏమే హారికా, ఇట్టా రా," అని కేకేసింది పేరమ్మ.

హారిక సాలులోంచి వచ్చింది. మూతికి బడిలో ఇచ్చిన గుడ్డ మాస్కే ఉంది. తల్లి దాన్ని ఊడదీసి టీచరు ముందుకు చాపింది.

"ముక్కు దగ్గర పెట్టుకోండి ఒకసారి. పెట్టుకోవద్దులే, దగ్గిరికి తెచ్చుకోండి చాలు."

ఎందుకో అర్థం కాకుండానే మాధవీలత తన మాస్కు దించి ముందుకు వంగింది. జానెడు దూరంలో ఉండగానే ఘాటు ముక్కులో గుచ్చుకుంది. తుమ్ము, ఆ వెంటనే దగ్గు. కళ్ళల్లో నీళ్ళు. గట్టు మీదున్న ఆడవాళ్ళు తువ్వాళ్ళ వెనక నవ్వుకున్నారు. ఆమె ఎంతసేపటికీ తెప్పరిల్లలేకపోయింది. ఒకావిడ చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది.

"బడికొచ్చే ముందు పొద్దున్నే రెండు సాళ్ళు కోసొస్తదండి. ఉన్నదొకటే మాస్కు. ఉతికితే మంచుకి ఆరదు. అది పెట్టుకుంటే దగ్గొచ్చిద్ది, తీస్తే మీరొప్పుకోరు. పిల్ల మీతో చెప్పిందంట, మాస్కని."

చెప్పింది. మాస్కండి అని చెప్పింది. మాధవీలతకు ఎక్కడన్నా దాక్కోవాలనిపించింది. కానీ వచ్చిన పని అది కాదు, ఆ సిగ్గు పక్కన పెట్టి గొంతు సవరించుకుంది.

"సరే పేరమ్మా, నాది పొరపాటే. దానికి నా మీద కోపం ఉంటే నన్ను అడగాలి. ఊళ్ళో పిల్లలెవరికీ సూది వేయించకుండా అందరికీ నూరిపోస్తావా?"

పేరమ్మ చాలాసేపు ఆమె వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు. సరుకు మంచిదో కాదో తేల్చుకోలేనప్పుడు చూసే చూపు అది.

"మీ పిల్లకి వద్దన్నారంట కదండి."

"ఏంటి?"

"ఫోన్లో అన్నారంట. మనమ్మాయికి పరీక్షలున్నాయి, ఇప్పుడే వద్దు. ముందు ఈ ఊళ్ళో పిల్లలకి పడనివ్వండి, ఎట్టా ఉంటదో చూసి అప్పుడు వేయిద్దాం అని. మీరు కూర్చోమన్న కాడే మా పిల్ల కూర్చునుంది. చెవులు మూసుకోమని మీరు చెప్పలా."

హారిక నేల వంక చూస్తోంది. అలా అనలేదని చెప్పడానికి మాధవీలత నోరు తెరిచింది. కానీ అంది. ఒక్క ముక్క అటూ ఇటూ కాకుండా అలాగే అంది. శ్రీరమ్య జ్వరమొస్తే తట్టుకోలేదు, చిన్నప్పుడు ఒకసారి జ్వరానికి ఫిట్స్ వచ్చాయి, ఆ భయంతో అంది. విసుగులో అంది. భర్తతో ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడింది. పాఠం చెప్పేటప్పుడు నమ్మేది వేరూ, కన్నకూతురి దగ్గరికొచ్చేసరికి నమ్మేది వేరూ అని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

"నేనేం ఊరంతా తిరిగి చెప్పలేదండి," అంది పేరమ్మ. "ముఠాలో ఆడోళ్ళు అడిగారు, మీ పిల్లకి వేయిస్తున్నావా అని. పిల్ల విన్నది చెప్పా. లేనిది కల్పించలా."

"మరి నేను ఇంటింటికీ వస్తే ఈ మాట నాతో ఒక్కళ్ళన్నా అనలేదే. కోతలయ్యాక అన్నారు."

"ఇంటికొచ్చిన మనిషిని, అందులో పంతులమ్మని, నీ మాట ఇదీ అని మొహాన ఎట్టా అంటామండి. మర్యాద కాదు గదా. ఈ ఏడు ఇప్పటికే పురుగుమందుల షాపోళ్ళు మా చేత డబ్బాలు డబ్బాలు కొట్టించారు. ఏ ఒక్కడూ సొంత చేలో కొట్టుకున్నోడు కాదు. ఇదీ అట్టాంటిదే అనుకున్నాం."

మాధవీలత వెనక్కి తిరిగింది. స్కూటీ దగ్గరికి వెళ్తుంటే హారిక వెనకాల వచ్చి ఆమె మరిచిపోయిన హ్యాండ్‌బ్యాగు అందించింది. ఆ పిల్లకి ఏదైనా చెప్పాలనుకుంది. "సోమవారం బడికి రా. గదిలోకే రా," అని మాత్రం అంది.

*

"వద్దన్నదీ నువ్వే, తీసుకొద్దామంటున్నదీ నువ్వే," అన్నాడు కోటేశ్వరరావు ఆదివారం మంగళగిరి వెళ్తూ. కారు నడుపుతున్నంతసేపూ అంతకంటే ఏమీ అనలేదు. వార్డెనుతో మాట్లాడి కూతుర్ని బయటికి తీసుకొచ్చారు. శ్రీరమ్య వెనక సీట్లో కూర్చుని చెవుల్లో వైర్లు పెట్టుకుంది. ఎక్కడికని అడిగితే తల్లి చెప్పింది, ఎందుకో కూడా చెప్పింది. "రేపు ఉదయం అయిపోతుంది, సాయంత్రానికి దింపేస్తాం," అంది. ఆ పిల్ల ఓసారి అద్దంలో తల్లి మొహం చూసి మళ్ళీ కిటికీలోంచి బయటికి చూడసాగింది.

సోమవారం జెస్సీ నీలం రంగు పెట్టెతో వచ్చేసరికి బడి ఆవరణలో పేరమ్మ ముఠా అంతా ఉంది. తోటకి పోతూ ఆగారు. ట్రాక్టరు గేటు బయట ఉంది. కబురెలా పోయిందో గానీ, టీచరుగారి అమ్మాయిని తెచ్చారట అని అందరికీ తెలిసింది. అందరూ ఆ పిల్లని ఎగాదిగా చూస్తున్నారు. నిజంగా ఈవిడ కూతురేనా అని ఒకావిడ పక్కావిడని అడగడం మాధవీలత చెవిన పడింది.

తరగతి మొదలవకముందే ఆమె హారికని పిలిచి, అందరి ముందూ, "నువ్వు నిజం చెప్పావు, నేను వినలేదు, తప్పు నాది," అంది. హారిక కొత్త మాస్కు తీసుకుని గబగబా తన బెంచీలోకి పోయింది. అంతవరకూ బాగానే ఉంది.

ఆవరణలో కుర్చీ వేశారు. "ముందు మా అమ్మాయికే వెయ్యి జెస్సీ," అంది మాధవీలత. అందరికీ వినపడాలని కాస్త గట్టిగానే అంది. శ్రీరమ్య కూర్చుంది. జెస్సీ ఆ పిల్ల చొక్కా చెయ్యి పైకి మడిచి, దూదితో తుడిచింది.

పేరమ్మ గుంపులోంచి ముందుకొచ్చి ఆ పిల్ల ఎదురుగా నిలబడింది.

"నీకిష్టమేనా తల్లీ?"

శ్రీరమ్య తల్లి వంక చూడలేదు. "నన్నెవరూ అడగలేదండి," అంది. "వద్దన్నప్పుడూ అడగలేదు. ఇవాళ తీసుకొచ్చేటప్పుడూ అడగలేదు."

జెస్సీ సిరంజి పక్కన పెట్టేసింది.

"మా కోసమైతే వద్దు మేడమ్ గారూ," అంది పేరమ్మ. "మాకు చూపించడానికని, ఇష్టం లేని పిల్లకి పొడిపించొద్దు. ఆ పాపం మాకొద్దు."

అంతమంది చూస్తుండగా మాధవీలత కూతురి ముందు వంగి కూర్చుంది. పెద్ద చదువులు చదివిన మనిషికి రెండు మాటలు అడగడానికి ఎంతసేపు పట్టిందో చెప్పలేం. "నీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే వెళ్ళిపోదాం. ఇష్టమేనా?"

శ్రీరమ్య ఆలోచించింది. "వేయించుకుంటా. మా రూములో అందరూ ఎప్పుడో వేయించుకున్నారు. నువ్వు అడిగుంటే అప్పుడే చెప్పేదాన్ని," అని చెయ్యి చాపింది.

సూది పడింది. ఇప్పుడు పిల్లల్ని వరసలో నిలబెట్టొచ్చని మాధవీలత లేచింది. ఎవరూ కదల్లేదు.

"సాయంత్రం దాకా అమ్మాయిని మా ఇంట్లో ఉంచండి," అంది పేరమ్మ. "కోత నించి వచ్చి చూస్తాం. ఎట్టా ఉంటదో చూసే మా పిల్లల సంగతి చెబుతాం."

మాధవీలతకు మండింది. ఇంత చేశాక కూడానా అనిపించింది. కానీ ఆ మాట ఎవరిదో గుర్తొచ్చి నోరు మూసుకుంది.

*

పేరమ్మది స్లాబు వేసిన రెండు గదుల ఇల్లు. నవారు మంచం మీద దుప్పటి పరిచి శ్రీరమ్యని పడుకోబెట్టారు. హెడ్మాస్టరు సెలవిచ్చాడు, ఇవ్వక ఏం చేస్తాడు. మధ్యాహ్నం దాకా ఆ పిల్ల ఫోను చూసుకుంటూ హాయిగానే ఉంది. బడి నుంచి అన్నానికొచ్చిన హారికతో ఏదో చెప్పుకుని నవ్వింది కూడా. పొద్దు వాలుతుండగా చెయ్యి నొప్పి అంది. తరవాత చలి అంది. తరవాత ఏమీ అనకుండా కళ్ళు మూసుకుంది.

జ్వరం రావచ్చనీ, వస్తే మాత్ర వెయ్యమనీ జెస్సీ ముందే చెప్పింది. మాధవీలత మాత్ర వేసింది. థర్మామీటరు పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది. ఇదే మాట ఆమె మొన్న ఇంటింటికీ తిరిగి చెప్పింది. ఒకరోజు జ్వరం మామూలే, అది మందు పనిచేస్తోందనడానికి గుర్తు అని. తన కూతురి నుదుటి మీద చెయ్యి పెట్టినప్పుడు ఆ మాట గుర్తుంది గానీ, చెయ్యి మాత్రం తియ్యబుద్ధి కాలేదు. కాళ్ళు చల్లగా ఉన్నాయేమోనని పాదాలు తడిమింది. కనురెప్ప అదిరితే చిన్నప్పటి ఫిట్స్ గుర్తొచ్చి ఇంకాస్త దగ్గరికి వంగింది.

కోత నించి ఆడవాళ్ళు వచ్చేశారు. గేటు దగ్గర కుండలో నీళ్ళతో చేతులు కడుక్కున్నారు. ఎంత కడిగినా మిరప మంట పోదు కాబట్టి ఒక్కళ్ళూ పిల్లని తాకలేదు. మంచానికి దూరంగా గోడవార నిలబడి, టీచర్నే చెయ్యి పెట్టి చూడమన్నారు. ఎంతుందని అడిగారు. నూటొకటి అని చెప్పింది. ఆ అంకె ఒకరి నోటి నుంచి ఒకరి నోటికి గుమ్మం దాకా పోయింది. ఇక అయిపోయింది, రేపు ఒక్క పిల్ల కూడా బడికి రాదు అనుకుంది మాధవీలత. కానీ అది కూడా ఇప్పుడు పెద్ద విషయంగా తోచలేదు. జ్వరం తగ్గితే చాలు.

పేరమ్మ గోడకి ఆనుకుని కింద కూర్చుంది. అరచేతులు రెండూ పైకి తిప్పి ఒళ్ళో పెట్టుకుంది. వేళ్ళు ఎర్రగా పొంగి ఉన్నాయి.

"మేడమ్ గారూ, ఒకటడగనా? మీకు భయంగా ఉందా?"

భయపడాల్సిందేమీ లేదు అనే మాట మాధవీలత నాలుక మీదే ఉంది. అన్నిసార్లు అన్నాక అది తనంతట తనే వచ్చేస్తుంది. గుమ్మంలో ఆడవాళ్ళందరూ ఆ మాట కోసమే చూస్తున్నట్టున్నారు. ఆమె కూతురి మొహం చూసింది.

"ఉంది," అంది. "మందు మంచిదని తెలుసు. ఈ జ్వరం మామూలేననీ తెలుసు. మళ్ళీ వేయించాల్సి వచ్చినా వేయిస్తాను. అయినా భయంగానే ఉంది పేరమ్మా. ఫోన్లో ఆ మాటన్నదీ ఈ భయంతోనే. మీకు ఆ సంగతి చెప్పకుండా పాఠం చెప్పాను."

గుమ్మంలో ఉన్న ఒకావిడ, వంటకి పొద్దుపోతందంటూ వెళ్ళింది. ఆవిడ వెనకే మిగతావాళ్ళూ కదిలారు. వెళ్తూ వెళ్తూ ఒకావిడ, మాత్ర వేశారు గదా, చెమట పట్టిద్దిలే అని టీచరుకే ధైర్యం చెప్పిపోయింది.

హారిక గిన్నెలో నీళ్ళు తెచ్చి మంచం పక్కన పెట్టింది. పేరమ్మ కూతుర్ని పిలిచింది.

"రేపు కోతకి రావొద్దు. బడి కాణ్ణించి సచివాలయానికి పోయి సూది వేయించుకో. నీకూ జొరమొస్తే నేను ఇంటికాడే ఉంటా."

"నీకు భయం లేదా అమ్మా?" అంది హారిక.

"ఎందుకు లేదు," అంది పేరమ్మ. "ఆవిడక్కూడా ఉందని ఇప్పుడేగా తెలిసింది."

హారిక గుడ్డ తడిపి, పిండి, టీచరు చేతికిచ్చింది.